ఏ 'ఏ' కావాలి మనకు?

తెలుగులో 'ఏ' అంటే ప్రశ్న. ఇంగ్లీషులో 'ఏ' ఒక అక్షరం, ఆ అక్షరం పేరుతో ఒక విటమిను. "ఏ విటమిను?" అని ఒకడు అడిగితే "అవును, ఏ విటమినే" అని ఇంకొకడు జవాబు చెప్పి నవ్వుకోవటం మా బడిలో పాత హాస్యం. ఆ హాస్యం ఈమధ్య నాకు నవ్వు తెప్పించటం మానేసింది. ఎందుకో చెప్పటానికే ఈ టపా.

మూడు నెలల క్రిందట మా అక్కయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పుడు తనకు మూడో నెల. భోజనం అయ్యాక సంచీలోంచి ఒక సీసా, ఒక డబ్బా, ఒక మాత్రల స్ట్రిప్పు తీసి బల్లమీద వరసగా పెట్టింది. సీసాలో కాడ్ చేప కాలేయపు నూనె, ఉదయం ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. డబ్బాలో జుట్టుకూ చర్మానికీ మంచివట, రోజుకొక గుళిక. స్ట్రిప్పులో అన్ని విటమిన్లూ కలిసిన మాత్ర. పెళ్ళికి ముందు జుట్టు రాలుతోందని మొదలుపెట్టినవి అలాగే కొనసాగుతున్నాయి. "ఇన్నెందుకమ్మా?" అన్నాను. "ఇవి మందులు కావు మావయ్యా, విటమిన్లే. పైగా నేచురల్. ఎన్ని వేసుకున్నా ఏమీ కాదని షాపతను చెప్పాడు" అంది.

నేను వైద్యుణ్ణి కాను. కానీ చదవటం వచ్చు, కూడటం వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని లేబుళ్ళు చదివాను. నూనె చెంచాకు 4,500 చొప్పున రెండు చెంచాలకు 9,000 ఐ.యు. గుళికలో 5,000. మాత్రలో 5,000. వెరసి రోజుకు 19,000 ఐ.యు.ల విటమిను ఏ, అంతా రెటినాలు రూపంలో. మైక్రోగ్రాముల్లో చెప్పాలంటే 5,700. పెద్దవాళ్ళకు రోజుకు 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 ఐ.యు., దాటకూడదన్నది పోషకశాస్త్రం గీసిన గీత. గర్భిణి విషయంలో ఆ గీతకు ఇంకో అర్థం కూడా ఉంది. 1995లో అమెరికాలో ఇరవై రెండు వేల మందికి పైగా గర్భిణుల వివరాలు పరిశీలించిన ఒక అధ్యయనం, మాత్రల ద్వారా రోజుకు 10,000 ఐ.యు.లకు మించి రెటినాలు తీసుకున్నవారి బిడ్డల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. ఆ గీత సరిగ్గా ఎక్కడ గీయాలన్నదానిమీద తరవాత వాదాలు జరిగాయి. గీత అవసరమన్నదానిమీద జరగలేదు.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అప్పటికప్పుడు తన డాక్టరుకు ఫోను చేయించాను. "మూడింటిలో రెండు ఇవాళే ఆపెయ్యి. మిగిలినది ఏదో నేను రాసిస్తాను" అని ఆవిడ చెప్పారు.

ఇక నా తగాదా ఎవరితోనో చెబుతాను. "సహజమైనది మంచిది, కృత్రిమమైనది చెడ్డది" అనే వేదాంతంతో నా తగాదా. ఆ వేదాంతం అడిగేది తప్పు ప్రశ్న. తప్పు ప్రశ్నకు ఎంత మంచి జవాబు దొరికినా ప్రయోజనం లేదు.

సరైన ప్రశ్న ఏమిటంటే: ఇది తయారైన 'ఏ'నా, తయారు కావలసిన 'ఏ'నా?

వడ్లనూ బియ్యాన్నీ తలుచుకోండి. ఆకుకూరల్లో, మామిడిపండులో, బొప్పాయిలో, గుమ్మడికాయలో ఉండేది బీటా కెరోటిను. అది వడ్లు. దాన్ని దంచి రెటినాలుగా మార్చుకునే రోలు మన చిన్నపేగు గోడలో ఉంది. ఒంట్లో నిల్వ చాలినంత ఉంటే రోలు నెమ్మదిస్తుంది, నిల్వ తగ్గితే జోరందుకుంటుంది. అందుకే బొప్పాయిలూ క్యారెట్లూ అదేపనిగా తిన్నవాడికి అరచేతులు పసుపెక్కుతాయి తప్ప విటమిను విషం కాదు. కామెర్లలోలాగా కనుగుడ్డు తెలుపు పచ్చబడదు కూడా. పాలలో, వెన్నలో, గుడ్డు సొనలో, కాలేయంలో ఉండేది తయారైన రెటినాలు. అది బియ్యం. రోలుతో పని లేదు. పేగు దాన్ని ఇంచుమించు అడ్డు లేకుండా లోపలికి పంపుతుంది, కాలేయం గాదెలా దాచుకుంటుంది. గాదె నిండాక పోసినది పొంగిపొర్లుతుంది. తలనొప్పి, పొడిబారిన చర్మం, ఎముకల బలహీనత, కాలేయానికి హాని, వీటన్నిటితోపాటు జుట్టు రాలటం కూడా ఆ పొర్లిన దాని లక్షణాలే. మరొకసారి చదవండి: జుట్టు రాలటం. మా మేనకోడలు ఆ డబ్బా కొన్నది దేనికో గుర్తుందిగా!

ఇప్పుడు "సహజం" అనే మాటను ఈ కొలతతో కొలవండి. కాడ్ చేప నూనె సహజమే. అందులో ఉన్నది తయారైన రెటినాలు. ధ్రువపు ఎలుగుబంటి కాలేయం అంతకన్నా సహజం. దాన్ని తిని మంచు దేశాల యాత్రికులు ఒంటి చర్మం ఊడి మంచాన పడ్డారు. కర్మాగారంలో తయారయ్యే రెటినైల్ పాల్మిటేటు కృత్రిమం. కానీ ఒంట్లోకి చేరాక అది ఇచ్చే రెటినాలూ చేప ఇచ్చే రెటినాలూ ఒకటే. ఏది సముద్రంలోంచి వచ్చింది, ఏది కొలిమిలోంచి వచ్చింది అని మన కాలేయం కులగోత్రాలు అడగదు. ఎంత అని మాత్రమే అడుగుతుంది.

ఇంకో విడ్డూరం. ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్ళలో ఈ "సహజ" గుళికలు చూశాను. వాటిలో నూనె చేపది, పైతొడుగు చాలావరకు జంతువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీసిన జెలటిను. శాకాహారికి తగినది నిజానికి వాళ్ళు చీదరించుకునే ఆ కర్మాగారపు పాల్మిటేటే! సీసా మీద ఆకు బొమ్మ ఉంటే చాలు, లోపల చేప ఉన్నా మనకు కనిపించదు.

*

"అయితే గొడవే లేదు, బీటా కెరోటిను మాత్రలు వేసుకుంటాం, రోలు మనల్ని కాపాడుతుంది కదా" అని మిత్రులు అనవచ్చు. సరిగ్గా ఈ ఆశతోనే ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారిని తీసుకుని పెద్ద పరీక్ష చేశారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిను ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందనుకున్నారు. 1994లో ఫలితం వచ్చింది. కెరోటిను తీసుకున్నవారిలో ఆ క్యాన్సరు 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారూ ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవారూ కలిపి 18,314 మందికి మరో పరీక్ష జరిగింది. అక్కడ కెరోటినుతోపాటు రెటినాలు కూడా ఇచ్చారు. క్యాన్సరు 28 శాతం పెరిగేసరికి అనుకున్న గడువుకు ముందే, 1996లో ఆపేశారు.

ఈ రెండు పరీక్షలూ క్యారెట్టుకు వ్యతిరేక సాక్ష్యాలు కావు. పండులో ఉన్నప్పుడు మేలు చేసే వస్తువును విడదీసి, పోగుచేసి, గుళికలో కూరితే అదే మేలు చేస్తుందన్న నమ్మకానికి మాత్రం వ్యతిరేక సాక్ష్యాలే. పొగతాగేవాడు బొప్పాయి తినవచ్చు. కెరోటిను గుళిక మాత్రం వేసుకోకూడదు. ఈ ఒక్క వాక్యం ఎన్ని సీసాల మీద కనిపిస్తుందో మీరే వెతకండి.

ఇక రూపాల్లో మూడో తేడాను ఎవరూ పట్టించుకోరు. రెటినాలు నూనెలో కరిగి ఉందా, నీటిలో కలిసేలా చేశారా, గట్టి మాత్రగా అదిమారా? ఏదైనా ఒకటే అనుకుంటాం. అంతకుముందు నమోదైన విషప్రభావపు కేసులన్నీ పోగుచేసి 2003లో ప్రచురించిన ఒక పరిశీలన, నీటిలో కలిసే రూపమూ గట్టి మాత్రా నూనెలోని రూపానికన్నా దాదాపు పదిరెట్లు తక్కువ మోతాదులోనే విషమయ్యాయని చూపింది. కొవ్వు సరిగా జీర్ణం కాని రోగికి నీటిలో కలిసే రూపం వరం. అది డాక్టరు నిర్ణయించవలసిన సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాడు "తొందరగా ఒంటపడుతుంది" అన్న ప్రకటన చూసి దాన్నే ఎంచుకోవటం మాత్రం గాదె తలుపు తానే తీసిపెట్టటం.

లేబుళ్ళ లెక్క సంగతి మరీ ఘోరం. 5,000 ఐ.యు. అని రాసి ఉందనుకోండి. అది రెటినాలైతే 1,500 మైక్రోగ్రాములు. ఆహారంలోని బీటా కెరోటినైతే ఒంటికి దక్కేది 250 మైక్రోగ్రాములకు సమానం. ఒకే అంకె, ఆరు రెట్ల తేడా. ఆకుకూరలోని కెరోటిను ఎన్ని పాళ్ళయితే ఒక పాలు రెటినాలుకు సమానమన్న లెక్క కూడా స్థిరంగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో ఆరు పాళ్ళన్నది, అమెరికా శాస్త్రజ్ఞులు 2001లో పన్నెండన్నారు, మన ఐసీఎంఆర్ 2010లో ఎనిమిదన్నది. తోటకూర మారలేదు, లెక్కలు మారాయి. అమెరికాలో ఐ.యు.లు మాని మైక్రోగ్రాముల్లోనే లేబులు రాయాలని 2016లో నియమం చేశారు. మన దగ్గర నేను చూసిన స్ట్రిప్పుల మీద ఐ.యు.లే ఉన్నాయి, అవి కూడా చీమతలకాయంత అక్షరాల్లో.

*

ఇంతవరకు చదివి "అంటే మాత్రలన్నీ మోసమే, చుక్కలన్నీ విషమే" అని కొందరు తీర్మానించుకుంటారని నాకు తెలుసు. వాళ్ళతోనూ నాకు తగాదా ఉంది. మొదటివారితో కన్నా కాస్త పెద్ద తగాదాయే.

రేచీకటి అన్న మాట మన తాతల కాలపు మాట కాదు. పొద్దు గూకగానే పిల్ల గోడ తడుముకుంటూ నడవటం, కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ లేవటం, చివరికి నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోవటం, ఇదంతా మన ఊళ్ళలో జరిగినదే. ఆ గుడ్డితనాన్ని ఆపటానికే 1970లో దేశవ్యాప్తంగా పిల్లలకు విటమిను ఏ చుక్కలు మొదలుపెట్టారు. ఆ పథకానికి ఆధారమైన పరిశోధన చాలావరకు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు 1,00,000 ఐ.యు., ఆ తరవాత ఆరునెలలకొకసారి 2,00,000 చొప్పున అయిదేళ్ళు నిండేదాకా. మొత్తం తొమ్మిది మోతాదులు, 17,00,000 ఐ.యు. కాలేయం గాదె కాబట్టే ఈ పద్ధతి సాధ్యమైంది. ఒకసారి నింపితే నాలుగైదు నెలలు వస్తుంది.

నగరంలో కూర్చుని "ఆకుకూరలు తినమనండి, చుక్కలెందుకు?" అనేవారిని ఒక్కటే అడుగుతాను. తట్టు వచ్చి కన్ను మసకబారుతున్న పిల్లకు మునగాకు వండిపెట్టి ఎన్నాళ్ళు ఎదురుచూస్తారు? వడ్లు దంచటానికి వ్యవధి కావాలి, రోలు సరిగ్గా ఉండాలి, ఒంట్లో కాస్త కొవ్వు ఉండాలి. విరేచనాలతో నీరసించిన పిల్లకు ఇవేవీ ఉండవు. అక్కడ బియ్యమే పోయాలి, ఆ పూటే పోయాలి. తట్టు వచ్చిన పిల్లలకు రెండురోజులు వరసగా పెద్ద మోతాదు ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ఇందుకే. అక్కడ కృత్రిమమైన ఆ నూనె చుక్క దేవుడితో సమానం.

అలాగని ఆ చుక్కను అందరికీ, ఎప్పటికీ, లెక్కాపత్రం లేకుండా పోస్తూ ఉండాలా? ఇది వేరే ప్రశ్న. ఇక్కడ శాస్త్రమే రెండుగా చీలింది. 1986లో ఇండొనేషియాలోని ఆచే ప్రాంతపు పరీక్ష, చుక్కలతో పిల్లల మరణాలు మూడోవంతు తగ్గాయన్నది. 1990లో హైదరాబాదు పరిసర గ్రామాల్లో జరిగిన పరీక్షలో మరణాల్లో తేడా కనపడలేదు. అదే ఏడు తమిళనాడులో పెద్ద మోతాదుకు బదులు వారంవారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగిన మహా పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. మరణాల్లో తగ్గుదల నాలుగు శాతమే, అదీ యాదృచ్ఛికం కావచ్చునన్నంత స్వల్పం. హైదరాబాదు సంస్థకు ఒకప్పుడు సంచాలకులుగా ఉన్న సి. గోపాలన్ గారే తరవాతి కాలంలో, లోపం ఉన్నా లేకున్నా అందరు పిల్లలకూ భారీ మోతాదులు పోయటాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆహారాన్ని బాగుచేయండన్నదే ఆయన పట్టు.

2016–18 మధ్య జరిగిన జాతీయ పోషణ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో లోపం 18 శాతంగా తేలింది. ఇది చిన్న అంకె కాదు. కానీ 1970 నాటి దేశం కూడా ఇది కాదు. పైపెచ్చు 2018లో వంటనూనెలోనూ పాలలోనూ విటమిను ఏ కలపటానికి ప్రమాణాలు వచ్చాయి. గ్రాము నూనెకు ఆరు నుంచి 9.9 మైక్రోగ్రాములు. రోజుకు 25 గ్రాముల నూనె వాడే మనిషికి దాదాపు 150 నుంచి 250 మైక్రోగ్రాములు అక్కడే వస్తుంది. వేడికి కొంత పోయినా మిగిలినదీ లెక్కే. ఇదంతా తయారైన రెటినాలే సుమా! నూనె కలిపేవారి లెక్క వారిది, చుక్కలు పోసేవారి లెక్క వారిది, మాత్రలు అమ్మేవారి లెక్క వారిది. మూడూ పడేది ఒకే కాలేయంలో. ఆ మూడింటినీ కూడే గుమాస్తా ఎవరు?

కొలత ఎంత ముఖ్యమో 2001 నవంబరులో అస్సాం చూసింది. చుక్కల కార్యక్రమం జరిగాక పిల్లలు పెద్ద సంఖ్యలో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆ మరణాలకు చుక్కలే కారణమా అన్నది వివాదంగా మిగిలిపోయింది. కానీ రెండు మిల్లీలీటర్ల చెంచా ఉండవలసిన చోట అంతకన్నా పెద్ద కొలగిన్నె చేరిందన్న సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. మిల్లీలీటరుకు లక్ష ఐ.యు.లున్న మందు అది. దానికి సరైన చెంచా ఇవ్వటమంటే మందులో సగం ఇవ్వటమే.

*

ఇంత రాశాక నా పక్షమేమిటో తేల్చి చెప్పకపోతే అన్యాయం.

లోపం ఉన్న పిల్లకు, తట్టు వచ్చిన పిల్లకు: నూనెలోని రెటినాలు, ఆరోగ్య కార్యకర్త చేతి మీదుగా, సరైన చెంచాతో. సహజం–కృత్రిమం అన్న చర్చ అక్కడ పాపం.

గర్భిణికి: డాక్టరు రాసినది తప్ప, రెటినాలు ఉన్నది ఏదీ వద్దు. కాలేయపు నూనె అసలు వద్దు.

పొగతాగేవారికి: బీటా కెరోటిను గుళిక వద్దు. వీలైతే పొగ కూడా.

మూడు పూటలా తినగలిగిన మిగిలిన మనందరికీ: గుళికే వద్దు. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, వేసవిలో మామిడి, ఏడాది పొడుగునా బొప్పాయి, గుడ్డు తినేవారికి గుడ్డు. కెరోటిను ఒంటపట్టాలంటే కొవ్వు తోడు కావాలి. తోటకూర పప్పులో నెయ్యి వేసిన మన అమ్మమ్మలకు ఆ రసాయనం తెలియకపోవచ్చు, చెయ్యి మాత్రం సరిగ్గానే పడింది. నూనె లేకుండా ఉడికించిన ఆకు తిని ఆరోగ్యమనుకునే మనం ఆ చెయ్యిని కోల్పోయాం. కరివేపాకును ఏరి కంచం పక్కన పెట్టటం సరేసరి.

అమ్మేవారిని నేను కోరేది ఒక్కటే. లేబులు మీద 'విటమిను ఏ' అని రాసి ఊరుకోకండి. ఏ 'ఏ'నో రాయండి. రెటినాలు ఎంత, కెరోటిను ఎంత, మైక్రోగ్రాముల్లో, చదవగలిగే అక్షరాల్లో, తెలుగులో. ఎవరు వేసుకోకూడదో కూడా అక్కడే రాయండి. ఆకు బొమ్మకు దొరికిన చోటు ఆ వాక్యానికి దొరకదా?

మొన్న స్కానింగులో అంతా బాగుందన్నారని మా మేనకోడలు ఫోను చేసింది. ఆ మాత్రలు ఏమీ చేయలేదని దానర్థమా, చేయబోయేలోగా ఆపేశామని అర్థమా, నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఫోను పెట్టేసేముందు అడిగింది: "మావయ్యా, అత్తగారు ఐరన్ మాత్రలు తెచ్చారు. వేసుకోనా?"

"లేబులు చదివావా?" అన్నాను.

"చదివాను. డాక్టరు గారికి ఫొటో కూడా పంపాను" అంది.

ఈ టపా రాసిన ఫలితం నాకు అక్కడే దక్కింది. మీతో వాదం ఉంటే ఉండనీయండి, వ్యాఖ్యల్లో తేల్చుకుందాం. ముందు ఒకసారి లేచి మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి, ఆ చిన్న అక్షరాలు చదివి, కూడి రండి.